కాలికి తోడు గాలి

అరకు నుంచి దిగుతూ అనంతగిరి దాటాక ఒక మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ గోడలా తగిలింది. కాలు దిగలేదు. రెండో గేరులో ఉన్నాం కాబట్టి, వీపు సీటుకి ఆనించి రెండు కాళ్లూ పెట్టి నొక్కితే బండి నిలబడింది. అక్కడి నుంచి ఎస్.కోట దాకా రెండో గేరు దాటకుండా, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా దిగాం.

అది ఇరవై ఏళ్లు దాటిన డీజిల్ బండి. దానికి అప్పటికే రెండు జబ్బులున్నాయి. డైనమో సరిగ్గా ఛార్జింగ్ ఇవ్వదు, ఏడాదిలో రెండుసార్లు బ్రష్‌లు మార్పించాను. ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది, నెలకోసారి అరలీటరు పోస్తున్నాను. దేనికదే వేరనుకున్నాను. ఇప్పుడు బ్రేకు మూడోది. ఎస్.కోటలో రోడ్డు పక్క షెడ్డు మేస్త్రి బానెట్ ఎత్తి, డైనమో వెనక్కి చెయ్యి పోనిచ్చి, నల్లటి నూనెతో తడిసిన వేలు బయటికి తీసి చూపించాడు.

"మూడు కాదు బాబూ, ఒకటే. ఎగ్జాస్టర్ పోయింది."

మన షెడ్లలో, స్పేర్ పార్టుల కొట్లలో వాక్యూమ్ పంపుకి ఉన్న పేరు ఎగ్జాస్టర్. పాత డీజిల్ జీపుల్లో, చిన్న వ్యాన్లలో చాలావాటికి అది డైనమో వెనకే, దాని ఇరుసుకే బిగించి ఉంటుంది. గుప్పెడంత వస్తువు. అది ఏం చేస్తుందో, దాన్నుంచి నూనె కారితే బ్రేకు ఎందుకు బిగుసుకుంటుందో ఆ రోజు దాకా నాకు తెలియదు. ఘాట్ రోడ్డు మీద బండి నడిపే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

మేస్త్రి ముందు ఒక పరీక్ష చేయించాడు. "ఇంజిన్ ఆపేసి పెడల్ అయిదారుసార్లు తొక్కండి బాబూ. ఇప్పుడు తొక్కి పట్టుకునే స్టార్ట్ చెయ్యండి. కాలు కింద పెడల్ కొంచెం దిగిందా?"

"లేదండీ."

"దిగాలి. బాగున్న బండికి బెత్తెడు కాకపోయినా రెండు వేళ్లన్నా దిగుతాది."

పనిముట్టు ఏదీ అక్కర్లేని ఈ పరీక్ష ఇంటి ముందు ఎవరైనా చేసుకోవచ్చు. అది దేన్ని పరీక్షిస్తోందో అర్థం కావాలంటే బ్రేకు పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య, నల్లటి గుండ్రటి డబ్బాలా కనిపించే బూస్టర్ లోపలికి చూడాలి.

ఆ డబ్బాని ఒక రబ్బరు పొర రెండు గదులుగా విడదీస్తుంది. కాలు పెడల్ మీద లేనప్పుడు రెండు గదుల్లోనూ గాలి తీసేసి ఉంటుంది. రెండు వైపులా సమానం, పొర కదలదు. పెడల్ తొక్కగానే లోపలి వాల్వు వెనక గదిలోకి బయటి గాలిని వదులుతుంది. ముందు గదిలో ఖాళీ, వెనక గదిలో గాలి. ఆ గాలి పొరని ముందుకి నెడుతుంది, పొర మాస్టర్ సిలిండర్ కడ్డీని నెడుతుంది. వాక్యూమ్ బ్రేకుని లాగుతుందని చాలామంది అంటారు. ఖాళీ దేన్నీ లాగదు. మన నెత్తి మీద, బండి నెత్తి మీద ఎప్పుడూ ఉండే గాలి బరువే ఆ పని చేస్తుంది. పంపు చేసేదల్లా ఒక వైపు నుంచి ఆ గాలిని తప్పించడమే.

ఎంత బరువు? సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకి కిలోకి కాస్త ఎక్కువ. 1643లో ఇటలీలో టోరిచెల్లి పాదరసపు గొట్టంతో కొలిచింది దీన్నే. గాలి బరువు 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగలదు. ఇక బూస్టర్ లెక్క చూద్దాం. 9 అంగుళాల పొర అనుకుంటే దాని వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. మంచి పంపు 760 మిల్లీమీటర్లలో 650 దాకా ఖాళీ చేయగలిగితే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు 0.88 కిలోల తేడా వస్తుంది. గుణిస్తే 360 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు అయిదుకి కాస్త తక్కువ. గట్టిగా బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఇంచుమించు అంత బరువు మన కాలికి తోడు వస్తోంది. ఆ తోడు లేకపోతే పెడల్ గోడలా తగలకుండా ఎలా ఉంటుంది?

కొండ మీద ఈ తోడు కొంత తగ్గుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి బరువే పదో వంతు తక్కువ. పంపు బాగున్నా సాయం ఆ మేరకు తగ్గుతుంది. పంపు అసలే అరిగి ఉంటే ఆ లోటు విశాఖపట్నం వీధుల్లో తెలియకపోవచ్చు, ఘాట్‌లో వరసగా పది మలుపులకి పదిసార్లు తొక్కినప్పుడు బయటపడుతుంది. మాకు జరిగింది అదే.

గాలిని ఇలా పనిలో పెట్టాలన్న ఆలోచన మోటారు బండ్ల కంటే చాలా పాతది. జర్మనీలో మాగ్డెబర్గ్ నగరానికి మేయరుగా ఉన్న ఒట్టో ఫాన్ గెరికె 1650ల్లో రెండు రాగి అర్ధగోళాలని అంచులు కలిపి, మధ్యలో గాలి తోడేసి, రెండు వైపులా గుర్రాల జట్లు కట్టి లాగించాడు. అవి విడిపోలేదు. ఈ కథ బడి పుస్తకాల్లో ఉంటుంది. అంతకుముందు ఆయన పడ్డ అవస్థ పుస్తకాల్లో అంతగా ఉండదు. మొదట ఆయన ఒక చెక్క పీపా నిండా నీళ్లు నింపి, ఆ నీళ్లు తోడేస్తే లోపల ఖాళీ మిగులుతుందనుకున్నాడు. నీళ్లు వస్తుంటే పీపా లోపల కుతకుత ఉడుకుతున్నట్టు చప్పుడు. చెక్క సందుల్లోంచి బయటి గాలి దూరిపోతోంది. తర్వాత లోహానికి మారాడు. అర్ధగోళాల మధ్య తోలు వలయాన్ని మైనంలో, టర్పెంటైన్‌లో నానబెట్టి పెట్టాడు. గాలి తోడటం ఒక పనైతే, తోడిన చోటికి గాలి మళ్లీ దూరకుండా కాపలా కాయడం అంతకంటే పెద్ద పని. ఎగ్జాస్టర్ బాగుచేసే మేస్త్రి ఇప్పటికీ చేస్తున్నది ఆ కాపలా పనే.

బండ్లలోకి ఈ సాయం 1920ల్లో వచ్చింది. 1927లో బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ దెవాంద్ర్ వాక్యూమ్ సర్వో బ్రేకుని రూపొందిస్తే, బాష్ కంపెనీ దాన్ని తయారీకి తీసుకుంది. అప్పటి పెట్రోలు కార్లకి వేరే పంపు అక్కర్లేదు. పెట్రోలు ఇంజిన్లో యాక్సిలరేటర్ వదలగానే గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ పలక మూసుకుంటుంది. కింద పిస్టన్లు గాలి కోసం పీలుస్తూనే ఉంటాయి. మానిఫోల్డ్‌లో ఊరికే వాక్యూమ్ తయారవుతుంది, ఒక గొట్టం తగిలిస్తే చాలు. డీజిల్ ఇంజిన్ తీరు వేరు. అది గాలిని నిండా పీల్చుకుంటుంది, వేగాన్ని డీజిల్ కొలతతోనే అదుపు చేసుకుంటుంది. మామూలుగా అందులో థ్రాటిల్ ఉండదు, కాబట్టి వాడుకోదగ్గ వాక్యూమూ ఉండదు. అందుకే దానికి ఎగ్జాస్టర్ కావాల్సి వచ్చింది.

అదెలా పనిచేస్తుందో నాకు అర్థమైంది మా పెరట్లో ఉండే పాత చేతిపంపు గుర్తొచ్చాక. వేసవిలో ఊరు వెళ్లొచ్చేసరికి తోలు వాషర్ ఎండి బిగుసుకుపోయేది. ఎంత కొట్టినా గాలే తప్ప నీళ్లు రావు. అమ్మ పైనుంచి ఒక చెంబుడు నీళ్లు పోసి కొట్టేది. తోలు తడిసి ఉబ్బి గొట్టాన్ని అంటుకునేది, సందు పూడేది, నాలుగు దెబ్బలకి నీళ్లు పడేవి. తడి లేకపోతే పంపు పంపే కాదు.

ఎగ్జాస్టర్‌లో ఆ తడి ఇంజిన్ ఆయిల్. గుండ్రటి గూడులో, మధ్యకి కాస్త పక్కగా ఒక రోటర్ తిరుగుతుంది. రోటర్ గాడుల్లో మూడో నాలుగో రెక్కలు వదులుగా కూర్చుని ఉంటాయి. తిరిగేటప్పుడు అవి బయటికి విసురుకుని గూడు గోడని రాస్తూ పోతాయి. రోటర్ పక్కకి ఉంది కాబట్టి రెండు రెక్కల మధ్య చోటు ఒక వైపు పెరుగుతుంది, మరో వైపు తగ్గుతుంది. పెరిగే చోట బూస్టర్‌లోంచి గాలి వచ్చి దూరుతుంది, తగ్గే చోట బయటికి గెంటబడుతుంది. ఇంజిన్ బ్లాకు నుంచి సన్నటి పైపు కొద్ది కొద్దిగా ఆయిల్ తెచ్చి పోస్తుంది. ఆ ఆయిల్ రెక్క అంచుకీ గోడకీ మధ్య వెంట్రుకంత సందుని పూడుస్తుంది, రాపిడి తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది. పని అయ్యాక గాలితో కలిసి లావుపాటి రబ్బరు గొట్టం గుండా కిందికి, ఆయిల్ సంపులోకి జారిపోతుంది. లోపలికి సన్న దారి, బయటికి వెడల్పు దారి. ఈ తేడాని గుర్తుంచుకోవాలి.

అంటే ఈ పంపుకి కారడమనే జబ్బు రెండు రకాలుగా రావచ్చు. ఆయిల్ బయటికి కారడం ఒకటి, అది కంటికి కనబడుతుంది. గాలి లోపలికి దూరడం రెండోది, అది కనబడదు. ఆయిల్ కారుతున్నా బ్రేకు కొన్నాళ్లు బాగానే ఉండొచ్చు. ఒక్క చుక్క కారకపోయినా బ్రేకు బిగుసుకోవచ్చు. చాలా షెడ్లలో రెండిటికీ ఒకే మందు వేస్తారు, కొత్త పంపు. డబ్బు వృథా కావడం సంగతి అలా ఉంచితే, అసలు లోపం బండిలోనే మిగిలిపోతుంది. నన్ను బాధపెట్టేది అదే.

మా మేస్త్రి అలా చెయ్యలేదు. వాక్యూమ్ గేజి తెచ్చి ముందు పంపు మూతికే నేరుగా తగిలించాడు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే ముల్లు 400 దగ్గర ఊగిసలాడింది. 650 రావాలి. పంపులో లోపం ఖాయం. కానీ అక్కడితో ఆగకుండా చేత్తో కొట్టే చిన్న పంపుతో బూస్టర్ గొట్టంలో వాక్యూమ్ ఎక్కించి, ముల్లుని చూస్తూ బీడీ వెలిగించాడు. ముల్లు కదలలేదు. బూస్టర్, గొట్టం, వాటి మధ్య వన్‌వే వాల్వు బాగున్నట్టే. ఆ ముల్లు దిగిపోయి ఉంటే, పెడల్ దగ్గర బుస్సుమని చప్పుడు వినిపించి ఉంటే, పంపు ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండేది కాదు.

వన్‌వే వాల్వు సంగతి ఒక మాట చెప్పాలి. బూస్టర్‌లోని వాక్యూమ్ వెనక్కి పోకుండా ఆపేది అది. ఇంజిన్ ఆగిపోయినా రెండు మూడుసార్లు బ్రేకు మెత్తగా పడేది దాని వల్లే. ఆ తర్వాత నిల్వ అయిపోతుంది. డీజిల్ ఆదా అవుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు మన ఘాట్లలో ఇంకా ఉంది. ఆ మనిషి చేతిలో ఉన్నది మూడు తొక్కుళ్ల నిల్వ మాత్రమే. దయచేసి ఆ పని చెయ్యకండి.

వాల్వు చెడితే ఇంకో ముప్పు. పంపులోని ఆయిల్ ఆవిరి గొట్టం పట్టుకుని బూస్టర్‌లోకి చేరుతుంది. అక్కడి నుంచి మాస్టర్ సిలిండర్ దాకా పాకితే, బ్రేకు ఆయిల్ కోసం చేసిన రబ్బర్లకి ఇంజిన్ ఆయిల్ విషం. ఉబ్బి మెత్తబడిపోతాయి. గొట్టం ఊడదీసినప్పుడు బూస్టర్ మూతిలో వేలు పెట్టి చూడటం అర నిమిషం పని.

వాక్యూమ్ పోతే బ్రేకు మొత్తం పోదు, సాయమే పోతుంది. పెడల్‌కీ చక్రాలకీ మధ్య బ్రేకు ఆయిల్ అలాగే ఉంటుంది, బలంగా తొక్కితే బండి ఆగుతుంది. రైళ్లలో ఒకప్పుడున్న వాక్యూమ్ బ్రేకు దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ వాక్యూమ్ ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది, పోగానే పడుతుంది. ఆ రైళ్లలో చైను లాగినప్పుడు బుస్సుమని వినబడిన చప్పుడు పైపులోకి గాలి దూరుతున్నదే. డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజిన్లలో ఎగ్జాస్టర్, కంప్రెసర్ రెండూ కలిపిన యంత్రం ఉండేది. దాన్ని ఎక్స్‌ప్రెసర్ అనేవారు. బండి తెగిపోయినా, పైపు ఊడినా రైలు దానంతట అదే ఆగిపోయే ఆ ఏర్పాటు నాకు ఎంతో వివేకమైందిగా అనిపిస్తుంది. రోడ్డు బండిలో ఆ వివేకం డ్రైవరుకే ఉండాలి. బరువైన లారీలు, బస్సులు వాక్యూమ్‌ని నమ్ముకోవు. ఎంత ఖాళీ చేసినా దొరికే తేడా ఒక్క వాతావరణ పీడనమే. గాలిని కుదించి నింపుకుంటే దానికి ఏడెనిమిది రెట్లు దొరుకుతుంది.

ఇక విప్పుడు. బ్యాటరీ మైనస్ తీసి, బెల్టు వదులుచేసి, డైనమోతో సహా పంపుని కిందికి దించారు. పంపు తీసేసరికి డైనమో లోపల బ్రష్‌లు, రాగి రింగులు ఆయిల్‌తో తడిసి జిగటగా ఉన్నాయి. బ్రష్‌ల నుంచి రాలిన కార్బన్ పొడి, నూనె కలిసి కాటుకలా తయారైంది. ఛార్జింగ్ ఎందుకు లేదో చెప్పడానికి మాట అక్కర్లేకపోయింది. పంపుకీ డైనమోకీ మధ్య ఇరుసు చుట్టూ ఉండే ఆయిల్ సీల్ పెదవి గట్టిపడి చిట్లింది. ఆ దారినే వచ్చిన ఆయిల్ కొంత బ్రష్‌లని తడిపింది, మిగతాది రోడ్డు మీద కారింది. చుక్కలే కదా అనుకుంటాం. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. మూడు సెకన్లకో చుక్క కారితే గంటకి 60 మిల్లీలీటర్లు, ఎనిమిది గంటల ప్రయాణంలో అరలీటరు. సంపులో ఉండేది అయిదారు లీటర్లు. డిప్‌స్టిక్ చూడకుండా నాలుగు దూరప్రయాణాలు చేస్తే ఇంజినే పట్టేయొచ్చు.

సీల్ మారిస్తే సరిపోదా అని అడిగాను. మేస్త్రి మాట్లాడకుండా సంపుకి పోయే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, ఒక కొసని వెలుతురు వైపు పెట్టి నా చేతికిచ్చాడు. బయటికి నిగనిగలాడుతోంది, చిన్న పగులు కూడా లేదు. లోపల మాత్రం రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. అవతలి వెలుతురు సన్నటి గీతలా కనబడింది. వచ్చే ఆయిల్ వస్తూనే ఉంది, పోయే దారి మూసుకుంది. నిండిన ఆయిల్ సీల్ మీద ఒత్తింది. ఆ సీల్ కారకుండా ఆపడానికి పనికొస్తుందే గాని ఒత్తిడిని కాయడానికి కాదు. ఇంజిన్ బ్రీదర్ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. సంపులో గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్ కిందికి దిగనివ్వదు. ఆ గొట్టం చూడకుండా కొత్త పంపు బిగించి ఉంటే కొత్త సీల్ కూడా కొన్నాళ్లకే పోయేది.

రిపేరా, కొత్తదా అన్న ప్రశ్నకి జవాబు పంపు లోపల ఉంది. సీల్, ఓ-రింగు, రెక్కలు కలిపి కిట్‌గా దొరుకుతాయి. గూడు గోడ మీద గోరుతో అడ్డంగా గీసి చూడాలి. గోరు జారిపోతే కిట్ చాలు. గోరు తట్టుకుంటే గాడి పడినట్టు. ఆ గాడిలోంచి గాలి తప్పించుకుంటూనే ఉంటుంది, ఏ రెక్క వేసినా ఖాళీ నిలవదు. డైనమో ఇరుసు మీద సీల్ ఆనే చోట గీత పడిందేమో, రోటర్‌ని తిప్పే పళ్లు అరిగాయేమో కూడా చూడాలి. మా పంపులో గోరు రెండు చోట్ల తట్టుకుంది. రెక్కల అంచులు ఒకటి గుండ్రంగా, ఒకటి కోసుగా అరిగి ఉన్నాయి. ఇరుసు మాత్రం అద్దంలా ఉంది. అంచేత డైనమో పాతదే ఉంచి, శుభ్రంగా కడిగి ఆరబెట్టి బ్రష్‌లు మార్చారు. పంపు, రెండు గొట్టాలు కొత్తవి.

గొట్టాల విషయంలో పొదుపు వద్దు. వాక్యూమ్ గొట్టం స్థానంలో మెత్తటి మామూలు గొట్టం వేస్తే లోపలి ఖాళీకి అది నొక్కుకుపోతుంది. ఆయిల్ పైపు బ్యాంజో బోల్టుకి రెండు వైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవే వెయ్యాలి. ఒకసారి నలిగిన రాగి మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఆ బోల్టు రంధ్రంలో సన్న తీగ పెట్టి, గాలి కొట్టి, దారి తెరిచి ఉందని చూసుకోవాలి. అది పూడి ఉంటే కొత్త పంపు ఎండి రాసుకుని అరిగిపోతుంది. ప్యాకింగ్ దగ్గర సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం మరో అలవాటు. బిగించినప్పుడు లోపలికి పొంగిన పేస్టు తునకలై ఆయిల్ దారులకి అడ్డం పడుతుంది.

బిగించే ముందు మేస్త్రి కొత్త పంపు నోట్లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, చేత్తో రోటర్ నాలుగు చుట్లు తిప్పాడు. బ్లాకు నుంచి ఆయిల్ అందేలోపు రెక్కలు పొడిగా తిరగకూడదు. అమ్మ పోసిన చెంబుడు నీళ్లు కళ్ల ముందు కదిలాయి.

ఈ పంపు మీద ఇంకా ఎన్ని పనులు వేలాడుతుంటాయో బండిని బట్టి ఉంటుంది. 1976లో అమ్మకానికొచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ123 డీజిల్ కార్లలో ఇంజిన్ ఆపేది కూడా వాక్యూమే. ఆ వ్యవస్థలో గాలి దూరితే తాళంచెవి తిప్పినా ఇంజిన్ ఆగదు. తర్వాతి కాలపు టర్బో డీజిళ్లలో చాలావాటికి టర్బోని అదుపు చేసే మీట వాక్యూమ్‌తో కదులుతుంది. వాటిలో బ్రేకు కంటే ముందు లాగుడు తగ్గి హెచ్చరిస్తుంది.

గేజి మళ్లీ తగిలించారు. ఇంజిన్ అందుకున్న కాసేపటికే ముల్లు 600 దాటి 660 దగ్గర కుదురుగా నిలబడింది. నేను సీట్లో కూర్చుని ఇంజిన్ ఆపి, పెడల్ అయిదారుసార్లు తొక్కి, నొక్కి పట్టుకుని స్టార్ట్ చేశాను. కాలు కింద పెడల్ మెత్తగా రెండు వేళ్ల మేర దిగింది.

"రాత్రికి ఇంజిన్ కింద అట్టముక్క పెట్టండి బాబూ. పొద్దున చూసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఒకసారి బిగించాలి, ఇటు రండి," అన్నాడు మేస్త్రి.

పొద్దున అట్టముక్క తీసి చూశాను. పంపు కిందా, డైనమో కిందా పొడిగా ఉంది. వెనక కొసన ఒకే ఒక్క చుక్క. వేలితో తీసి వాసన చూస్తే గేరు ఆయిల్. వంద కిలోమీటర్లకి ఎలాగూ షెడ్డుకి వెళ్లాలి కాబట్టి అట్టముక్కని సీటు కింద పెట్టి ఉంచాను.